ఔషధపరీక్షలు, పశుహింస, పంచసూనాదోషం



రక్తపోటుకు నిత్యం మాత్ర సేవించే భక్తులు కొందరు అర్చనానంతరం ఒక సందేహం వెలిబుచ్చుతుంటారు. "అయ్యగారూ, ఈ మందులను కుక్కల మీద, ఎలుకల మీద పరీక్షిస్తారట. సేవిస్తే దోషమా?" దోషం లేదని ఒక్క మాటతో పంపివేయడం సులభమే గాని, ప్రశ్నలోని ఆర్తికి అది సమాధానం కాదు.

ముందు అక్కడ జరిగేదేమిటో తెలియాలి. రక్తనాళాలను విప్పార్చి పోటును తగ్గించే ఔషధాలలో కొన్ని, పరీక్షాదశలో జంతువుల నాళాలనే గాయపరుస్తాయి. మినాక్సిడిల్ ప్రసిద్ధమైన ఉదాహరణ. నేడు జుట్టు కోసం తలకు రాసుకునేవారికే అది ఎక్కువ పరిచయం. అమెరికాలో 1979లో అనుమతి లభించింది మాత్రం తీవ్రమైన రక్తపోటుకు మాత్రగా. ఆ మందు ఇచ్చిన శునకాలలో పోటు బాగా పడిపోయి, దానిని సరిదిద్దుకొనుటకు గుండె అతివేగంగా కొట్టుకొని, హృదయధమనుల గోడలు దెబ్బతిన్నాయి. కుడి కర్ణికలో రక్తస్రావం కనిపించింది. ఫెనోల్డోపామ్ అనే మరొక మందును ఎలుకల సిరలలోకి ఎక్కించినప్పుడు ప్రేగులకు రక్తం చేర్చే ధమనుల గోడలలో కణాలు నశించాయి. ఈ గాయాన్ని నిశ్చయంగా పట్టి ఇచ్చే సర్వామోదిత రక్తపరీక్ష ఇంతవరకు లేదు. కనుక ఆ ప్రాణిని చంపి, ధమనిని కోసి, సూక్ష్మదర్శిని క్రింద చూస్తారు.

మినాక్సిడిల్ వాడి, వేర్వేరు కారణాలతో మరణించిన 150 మందికి పైగా రోగుల శవపరీక్షలలో శునకాలలో చూసిన ఆ రక్తస్రావ గాయాలు కనబడలేదు. శునకహృదయం ఈ జాతి ఔషధాలకు మన హృదయం కన్న సుకుమారమైనది. ధర్మసంకటం ఇక్కడే ఉన్నది.

మనుస్మృతి గృహస్థునికి ఐదు వధస్థానాలు చెప్పింది: పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీటికుండ. వీటిని పంచసూనాలంటారు. వాటివల్ల సూక్ష్మప్రాణులు నశిస్తాయి. అయినా వంట మానమని శాస్త్రం అనలేదు. ప్రతిదినం పంచమహాయజ్ఞాలు ఆచరించమన్నది. అనివార్యమైన హింస హింస కాకుండా పోదు, తీర్చుకోవలసిన ఋణమవుతుంది. వైద్యుడు వ్రాసిన మాత్ర ఈ కోవకు చెందినదే, దానిని హఠాత్తుగా మానడం ప్రమాదకరం కూడా. కాని పొయ్యిలో చీమలున్నవని ఎరిగి నిప్పు రాజేస్తే అది సూనాదోషం కాదు, బుద్ధిపూర్వకమైన వధ. విఫలమైన మందుల ఫలితాలు చాలావరకు సంస్థల బీరువాలలోనే మిగిలిపోతాయి. ఒకరు ఎరిగిన గాయాన్నే మరొకరు మరికొన్ని శునకాలను చంపి తెలుసుకోవడాన్ని ఏ ప్రాయశ్చిత్తంతో కడుగుతాము? ఆ ఫలితాలను బయటపెట్టడం చట్టబద్ధమైన విధి కావాలని నా నిశ్చితాభిప్రాయం.

"యజ్ఞంలో పశువు లేదా?" అని కొందరు పండితులే వాదిస్తారు. వారు శాంతిపర్వంలోని ఉపరిచర వసువును మరచినట్లున్నారు. "అజ" శబ్దానికి ధాన్యబీజమని ఋషులు, మేక అని దేవతలు వాదించినప్పుడు ఆ రాజు దేవతల పక్షం వహించి ఆకాశం నుండి పతనమైనాడు. మాధ్వ సంప్రదాయంలో పిష్టపశువు నేటికీ ఉన్నది. ప్రత్యామ్నాయాన్ని వెదకడం మనకు క్రొత్త కాదు. ఔషధపరీక్షలకు జంతువులే తప్పనిసరి అన్న నిబంధనను అమెరికా 2022 డిసెంబరులో తొలగించింది; మన దేశం 2023లో నియమాలు సవరించి జంతురహిత పద్ధతులకు చోటిచ్చింది. అయితే గాజుపలకపై పెంచిన కణాలకు గుండె లేదు. పోటు పడిపోతే అవి వేగంగా కొట్టుకోలేవు. అందుచేత రేపటి నుండే అన్నీ నిషేధించాలనేవారితో నేను ఏకీభవించలేను.

వైశ్వదేవంలో శునకాలకు కూడా ఒక ముద్ద నేలపై ఉంచే విధి ఉన్నది. చాలా ఇండ్లలో అది లోపించింది. ఉదయం మాత్ర మింగే గృహస్థులు ముందుగా దానినైనా పునరుద్ధరించుకోవాలి. నేనూ ఆ మాత్ర మింగేవాడినే.