పెట్టెలో లేని విమానం

ప్లాస్టిక్ ముక్కలను జిగురుతో అతికించి చిన్న విమానాన్ని నిలబెట్టే విద్యను మన పెద్దలలో పలువురు పిల్లల ఆటగానే పరిగణిస్తారు. 1942లో అమెరికా నౌకాదళం తన వారి శిక్షణకై ఐదు లక్షల నమూనా విమానాలు చేసి పంపవలసిందని ఆ దేశపు పాఠశాలల విద్యార్థులనే కోరిన సంగతి వారికి మనవి చేసి, అసలు విషయానికి వస్తాము. కళాశాల ప్రదర్శనలో ఇటువంటి నమూనాలకు బహుమతి నిర్ణయించేటప్పుడు పైపై నునుపును చూచి మురిసిపోక, పెట్టెలో లేనిది విద్యార్థి తన చేతితో ఏమి చేర్చగలిగినాడో పరిశీలించవలెనని మా ప్రతిపాదన.

డకోటానే తీసుకొందాము. ఎయిర్‌ఫిక్స్ అనే ఆంగ్ల సంస్థ 1960లో ఈ విమానపు కిట్‌ను 1/72 కొలతలో వెలువరించినది. రెక్క కొస నుండి రెక్క కొసకు 29 మీటర్లున్న విమానం ఆ కొలతలో 40 సెంటీమీటర్లకు ఒదుగుతుంది. బాల్యస్మృతుల మమకారంతో ఆ పాత పెట్టెలను వెదకి కొనేవారు నేడూ ఉన్నారు. ఆ మమకారాన్ని మేము కాదనము. కాని ఆ బొమ్మ ఒళ్లంతా ఆవగింజలు చల్లినట్లు రివెట్ల తలలు. లోపల చూస్తే బోలు. అర మిల్లీమీటరు రివెట్ తల అసలు విమానంపై 36 మిల్లీమీటర్లవుతుంది, అనగా రూపాయి బిళ్ల కంటె పెద్దది! అటువంటి డకోటా ఏ ఆకాశంలోనూ ఎగిరి ఉండదు.

కనుక ఉప్పు కాగితంతో వాటిని అరగదీయుట మొదటి పని. కిట్‌లో మిగిలిన ప్లాస్టిక్ పుల్లను కొవ్వొత్తి సెగకు మెత్తబరచి రెండు చేతులా మెల్లగా లాగితే తలవెంట్రుక వంటి పోగు వస్తుంది. వీపు మీది రేడియో తీగకు అది చాలును. గుండుసూది పెడితే దూలం వలె కనబడుతుంది. అయిదు సెంటీమీటర్ల నడుము పట్టీ ఈ కొలతలో 0.7 మిల్లీమీటర్ల కాగితపు పీలిక. గణితం ఇంత శ్రద్ధగా చేయించే ఆట మరొకటి మాకు కనబడలేదు. లోపలి బల్లలకు, సామానుకు మన పొరుగున కొండపల్లి బొమ్మలవారు వాడే తెల్ల పొణికి చెక్క శ్రేష్ఠం. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి వారు చేసే మక్కుతోనే ఆ చెక్క ముక్కలను ఒకదానికొకటి అతికించవచ్చును. సరకుల తలుపు వద్ద నూజివీడు మామిడి గంపలు పేర్చుదామనే సరదా మన ఆగిరిపల్లి వారికి పుట్టక మానదు. ఆధారం చూపగలిగితే పేర్చవచ్చును, లేకున్న కూడదు.

ఈ నియమాన్ని పట్టుదలతో చెప్పుటకు కారణమున్నది. నిజాం ప్రభుత్వమూ టాటా సంస్థా కలిసి 1945లో స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుండి డకోటాలనే నడిపినది. మన దేశపు తొలి వాణిజ్య మహిళా పైలట్ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమిచ్చినది ఆ సంస్థయే. 1953లో జాతీయీకరణతో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైనది. మన పిల్లలు ఆ పేరైనా వినలేదు. దుకాణంలో దొరికే డకోటాపై తరచు కనబడేవి బ్రిటన్, అమెరికా దళాల గుర్తులు. వాటినే అతికించి ఊరుకుంటే పరుల జ్ఞాపకాన్ని మన బీరువాలో దాచినట్లగును. పాత ఛాయాచిత్రం ముందుంచుకొని, ‘వి.టి.’తో మొదలయ్యే భారతీయ నమోదు అక్షరాలను సన్నని కుంచెతో వ్రాయవలసి ఉన్నది. ఖుష్‌ఖతీ సాధన చేసిన మన ఉర్దూ శాఖ విద్యార్థుల చేయి ఇక్కడ అక్కరకు వస్తుంది. తెలుగు శాఖవారు చెక్క పని చూచుకొందురు గాక.

కార్యవర్గం వారిని మేము కోరేది స్వల్పం: ఒక్క పాత కిట్, రెండు సన్నని కుంచెలు, ఒక చిన్న రంపం, వారానికి రెండు గంటలు తెరచి ఉంచే గది. ఛాయాచిత్రాల సేకరణ మాత్రం వేసవికి ముందే మొదలు కావలెను. మామిడి కోతలు వచ్చినవంటే మన విద్యార్థులలో సగంమంది తోటలలోనే ఉంటారు.