పర్దాపోషీ ఎవరి కోసం?

ఉస్తాద్‌కు మన సమాజంలో ఉన్న గౌరవం సామాన్యమైనది కాదు. బిస్మిల్లా చేయించే రోజున బిడ్డ చేయి పట్టుకుని తీసుకువెళ్లి, ‘హజ్రత్, ఇక వీడు మీ బిడ్డే’ అని అప్పగించి వస్తాం. ‘చమ్డీ ఆప్‌కీ, హడ్డీ హమారీ’ అని చెప్పి మరీ అప్పగించే తల్లిదండ్రులు మన పెద్దల కాలంలో ఉండేవారు. ఈ అప్పగింతనే మనం అమానత్ అంటాం. అమానత్‌ను కాపాడాలని జుమా ఖుత్బాల్లో ఎన్నోసార్లు విన్నాం. కాని ఆ అమానత్‌కు ఉపాధ్యాయుడే ద్రోహం తలపెడితే తోటి ఉపాధ్యాయులు, కమిటీ పెద్దలు ఏం చేయాలన్నది మనం విన్నది బహు తక్కువ. ఈ వారం ఆ చేదు విషయమే మాట్లాడుకుందాం.

ఇతరులకు చెప్పే ముందు మా తప్పు మేము ఒప్పుకోవాలి. సుమారు ఇరవై ఏళ్ల కిందట మేము పాఠాలు చెప్పిన ఒక చోట ఒక సహోద్యోగి ఉండేవారు. మంచి ఖారీ. రమజానులో తరావీహ్ ఆయనే చదివించేవారు. సాయంత్రం వేళ ఆయన గదికి సబఖ్ వినిపించడానికి వెళ్లాలంటే చిన్న పిల్లలు కొందరు ఏడ్చేవారు. చదువంటే బద్ధకం అనుకున్నాం. ఒకరోజు ఒక బాబు తల్లి వచ్చి, వాకిట్లోనే నిలబడి, తన బిడ్డ చెప్పిన మాటలు చెప్పింది. వాటిని ఇక్కడ రాయలేం. ఆ రాత్రి ఇషా తరువాత కమిటీ కూర్చుంది. ‘విషయం బయటికి పొక్కితే సంస్థ ఇజ్జత్ పోతుంది, చందాలు ఆగిపోతాయి, ఆయనను మర్యాదగా పంపించేద్దాం’ అని తీర్మానించారు. ఉర్దూలో దస్తూరి బాగుంటుందని సర్టిఫికెట్ రాసే పని మాకు అప్పగించారు. నడవడి ఉత్తమమని, స్వంత కారణాల వల్ల వెళుతున్నారని రాశాం. కింద ముద్ర పడింది.

రెండేళ్ల తరువాత పొరుగు జిల్లా నుంచి ఒక పెద్దమనిషి వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చారు. మడతలు నలిగిన ఆ కాగితం తీసి ముందు పెట్టి, ‘ఈ అక్షరాలు మీవేనా?’ అని మాత్రం అడిగారు. తరువాత వాళ్ల ఊరి పిల్లల సంగతి చెప్పారు. మా వద్ద జవాబు లేదు. ఈనాటికీ లేదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి ఘోర పాపాలను గురించి చెబుతున్నప్పుడు ఆనుకుని కూర్చున్నవారు, అబద్ధపు సాక్ష్యం ప్రస్తావన రాగానే నిటారుగా లేచి కూర్చున్నారనీ, ఆ మాటనే పదేపదే చెబుతుంటే ఇక ఆపితే బాగుండునని సహచరులకు అనిపించిందనీ హదీసుల్లో ఉంది. సాక్ష్యం అంటే కోర్టు బోనులో నిలబడి చెప్పేది మాత్రమేనని అంతవరకూ అనుకునేవాళ్లం. నడవడి సర్టిఫికెట్ కూడా సాక్ష్యమే. దాన్ని నమ్మి మరో ఊరి తల్లి తన బిడ్డను అప్పగిస్తుంది.

మరి ఇంత చదివినవాళ్లం ఎందుకు అలా చేశాం? మన నోరు మూయించే వాదనలు కొన్ని ఉన్నాయి. అవి దీన్ పేరుతోనే వస్తాయి గనుక వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించడం అవసరం.

మొదటిది పర్దాపోషీ. తోటి ముస్లిం లోపాన్ని కప్పినవాని లోపాలను అల్లాహ్ కప్పుతాడన్న హదీసు నిజమైనదే. అయితే అది ఏ లోపానికి? ఒక మనిషి కాలు జారి, తనకూ తన ప్రభువుకూ మధ్య ఉండిపోయే తప్పు చేసి, సిగ్గుపడుతుంటే దాన్ని బజారున పెట్టవద్దని దాని భావం. ఇతరుల హక్కును కాలరాసేవాడికి, రేపు మళ్లీ అదే పని చేయగలవాడికి అది రక్షణ కవచం కాదు. తోటి సోదరుడు పీడితుడైనా, పీడకుడైనా సాయం చేయమని ప్రవక్త (స) చెప్పినప్పుడు, పీడకుడికి సాయం ఎలాగని సహచరులు అడిగారు. అతన్ని దౌర్జన్యం నుంచి ఆపడమే అతనికి చేసే సాయమని వారు బదులిచ్చారు. మేము ఆ సహోద్యోగికి చేసింది సాయం కాదు. ఆయన చేతికి మరో ఊరి పిల్లలను అందించాం.

రెండవది గీబత్ భయం. పరోక్ష నింద ఎంత నీచమో హుజురాత్ సూరా మనకు నేర్పింది. అయితే ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనను పెళ్లాడగోరిన ఇద్దరి గురించి సలహా అడిగితే, ప్రవక్త (స) ఆ ఇద్దరిలోని లోటుపాట్లను దాచకుండా చెప్పారు. అన్యాయానికి గురైనవారు అధికారి వద్ద ఫిర్యాదు చేయడం, చెడును ఆపడానికి సహాయం కోరడం, ఇతరులను కీడు నుంచి హెచ్చరించడం నిషిద్ధమైన గీబత్ కిందికి రావని ఇమామ్ నవవీ వివరించారు. టీ దుకాణం దగ్గర చెవులు కొరుక్కోవడం గీబత్. సరైన అధికారి ముందు చెప్పడం సాక్ష్యం. విచిత్రమేమంటే, మనలో చాలామంది మొదటిది చేస్తారు, రెండవదానికి మాత్రం వెనకాడతారు.

మూడవది మనిషి హోదా. ఆయన హాఫిజ్, ఈయన సదర్ సాబ్ బావమరిది, ఇంకొకరు ముప్పై ఏళ్ల సర్వీసు ఉన్న హెడ్మాస్టరు. మఖ్జూమ్ తెగకు చెందిన ఒక గొప్పింటి స్త్రీ దొంగతనం చేసినప్పుడు ఆమె తరఫున సిఫారసు తీసుకువచ్చిన ఉసామా (రజి) ప్రవక్తకు ఎంతో ప్రీతిపాత్రుడు. అయినా ప్రవక్త (స) అంగీకరించలేదు. గొప్పవాడు తప్పు చేస్తే వదిలి, బలహీనుడు చేస్తే శిక్షించడం వల్లనే పూర్వపు జాతులు నాశనమయ్యాయని హెచ్చరించారు. తన కుమార్తె ఫాతిమా చేసినా తీర్పు అదేనన్నారు.

నాల్గవది ‘నలుగురు సాక్షులు ఏరీ?’ అన్న ప్రశ్న. ఇది అన్నిటికంటే ప్రమాదకరమైనది. నూర్ సూరాలోని ఆ నిబంధన శీలవంతులైన స్త్రీలపై అపనింద వేసేవారి నోళ్లకు తాళం వేయడానికి, వ్యభిచారానికి హద్ శిక్ష విధించే ముందు పాటించడానికి వచ్చింది. ఒక పసివాడు భయపడి తల్లికి చెప్పుకున్న మాటను విచారించవద్దని అది ఎక్కడా అనలేదు. హద్‌కూ తాజీర్‌కూ, శిక్షకూ విచారణకూ తేడా తెలిసిన ఆలిములు ఈ ప్రశ్నతో ఒక తల్లిని వెనక్కి పంపకూడదు.

అలాగని విన్న ప్రతి మాటనూ నమ్మి ఒక మనిషి పరువు తీయమని కాదు. వచ్చిన వార్తను విచారించి నిర్ధారించుకోమని హుజురాత్ సూరాయే ఆదేశించింది. దీనికి ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) చూపిన మార్గం మనకు ఆదర్శం. కూఫా ప్రజలు తమ గవర్నరు హజ్రత్ సాద్ బిన్ అబీ వఖాస్ (రజి)పై ఫిర్యాదు చేశారు. స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో సాద్ ఒకరు. అంతటి వ్యక్తిపై ఫిర్యాదేమిటని ఉమర్ దాన్ని చించివేయలేదు. ముందు ఆయనను పదవి నుంచి తప్పించారు. పిలిపించి ఆయన మాట విన్నారు. తరువాత మనుషులను పంపి కూఫాలో మసీదు మసీదుకూ వెళ్లి ప్రజలను అడిగించారు. అందరూ మెచ్చుకోగా ఒక్కడు మాత్రం అభాండం వేశాడు. సాద్ నిర్దోషి అని తేలింది. తాను మరణశయ్యపై ఉండగా ఉమర్, సాద్‌ను అసమర్థత వల్ల గాని, ద్రోహం వల్ల గాని తొలగించలేదని స్పష్టం చేశారు. విచారణ అంటే అవమానం కాదని ఈ సంఘటన చెబుతోంది. నిజాయితీపరుడికి అదే రక్ష. మాటను గుట్టుగా అణచివేస్తే నిర్దోషిపై కూడా అనుమానపు మచ్చ జీవితాంతం ఉండిపోతుంది.

ఇక దేశ చట్టం సంగతి. పిల్లలపై లైంగిక నేరాల నిరోధానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం, అటువంటి నేరం జరిగినట్టు తెలిసినవారెవరైనా పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ బాధ్యుడే తన కింది ఉద్యోగి నేరాన్ని దాచితే ఏడాది వరకు జైలు, దానితోపాటు జరిమానా. నేరం చేసినవాడు విద్యాసంస్థ లేదా మత సంస్థ సిబ్బంది అయితే శిక్ష మరింత తీవ్రం. మంచి ఉద్దేశంతో సమాచారమిచ్చినవారికి చట్టం రక్షణ ఇస్తుంది. కక్షతో అబద్ధపు ఫిర్యాదు చేసిన పెద్దలను శిక్షిస్తుంది.

2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 2012 సవరణతో మదర్సాలు ఆ చట్టం పరిధిలోకి రావని కొందరు ధైర్యంగా చెబుతారు. పోక్సోలో అటువంటి మినహాయింపు ఏదీ లేదు. పైగా, పిల్లలపై కాఠిన్యం వారిని అబద్ధానికీ కపటానికీ అలవాటు చేస్తుందని ఆరు శతాబ్దాల కిందటే ఇబ్నె ఖల్దూన్ హెచ్చరించారు. చట్టం వదిలినా మన విద్యాసంప్రదాయమే మనల్ని వదలదు.

పెద్దమనుషుల రాజీ గురించి కూడా ఒక మాట. రాజస్థాన్‌లో ఒక ఉపాధ్యాయుడిపై విద్యార్థిని విషయంలో పెట్టిన కేసును, బాలిక తండ్రితో రాజీ కుదిరిందన్న కారణంతో హైకోర్టు కొట్టివేసింది. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసి కేసును తిరిగి నిలబెట్టింది. ఇది ఇద్దరి మధ్య తగాదా కాదు, సమాజంపై నేరం అన్నది ఆ తీర్పు సారాంశం. కాబట్టి ఇషా తరువాత కూర్చుని చేసే తీర్మానానికి షరీఅత్‌లోనూ చోటు లేదు, చట్టంలోనూ లేదు.

మరి మనం చేయవలసిందేమిటి? బిడ్డ ‘అమ్మీ, నేను రేపటి నుంచి వెళ్లను’ అంటే కొట్టి పంపకండి, కూర్చోబెట్టుకుని కారణం అడగండి. చెప్పిన మాటను ఒకసారి ఓపికగా వినండి. పదిమంది ముందు పదిసార్లు చెప్పించవద్దు. 1098కి ఫోన్ చేయవచ్చు, పోలీసులకు చెప్పవచ్చు. బిడ్డ వాంగ్మూలం తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండరాదనీ, బిడ్డను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచరాదనీ, పేరు బయటపెట్టరాదనీ చట్టంలోనే ఉంది. ‘ఆడపిల్ల పెళ్లి ఎలా?’ అన్న భయంతో నోరు నొక్కుకోవద్దు.

సంస్థల బాధ్యులకు మా మనవి. సబఖ్ నలుగురి కళ్ల ఎదుట, తలుపులు తెరిచి ఉన్న గదిలో జరగనివ్వండి. కొత్తవారిని తీసుకునే ముందు వారు పనిచేసిన చోటికి వెళ్లి స్వయంగా అడగండి. ఫిర్యాదు వస్తే విచారణ ముగిసేవరకు ఆ వ్యక్తిని పిల్లలకు దూరంగా ఉంచండి. నిజం కాని సర్టిఫికెట్ ఎవరికీ రాయకండి. తోటి ఉపాధ్యాయులకు ఒకటే మాట: ఫిర్యాదు చేసిన తల్లిని ఒంటరిని చేయకండి. ఆనాడు వాకిట్లో నిలబడిన ఆ తల్లి పక్కన మాలో ఒక్కరు నిలబడి ఉంటే, పొరుగు జిల్లాలో మరికొందరు తల్లులు ఏడ్చేవారు కాదు.

స్వయానా మనకు, మన తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే, న్యాయం పక్షాన సాక్షులుగా నిలబడమని నిసా సూరా 135వ ఆయత్ ఆదేశిస్తోంది. సంస్థ ఇజ్జత్ అందుకు మినహాయింపు కాదు. పిల్లలు నిర్భయంగా నడిచి వచ్చే గుమ్మమే సంస్థకు నిజమైన ఇజ్జత్.

పలకవలసిన చోట పలికే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. పలకని మా పాపాన్ని క్షమించుగాక. ఆ పిల్లల గుండెల్లోని భయాన్ని తుడిచివేయుగాక. ఆమీన్.