శనగగింజకు పెట్టుబడి పెట్టిందెవరు?

పిల్లలూ! ఈ నెల మన శీర్షికకు కోవెలకుంట్ల వైపునుంచి ఒక చిరంజీవి మంచి ప్రశ్న పంపాడు. "మా నాన్న నంద్యాల పరిశోధన కేంద్రం వారి శనగ విత్తనం తెచ్చి వేశాడు. ఒకసారి కొన్న తరువాత రెండు మూడేళ్ళదాకా మా ఇంటి గింజలే మళ్ళీ విత్తుకుంటాము. ఏటేటా కొనేవాళ్ళు లేనప్పుడు, ఆ విత్తనాన్ని కనిపెట్టినవారికి ఖర్చు ఎలా గిట్టుతుంది?" అని అడిగాడు.

ఇది పెద్దవాళ్ళు కూడా ఆలోచించవలసిన ప్రశ్న. జవాబు చెప్పే ముందు, అసలు ఆ విత్తనం ఎలా పుట్టిందో తెలుసుకుందాం.

కర్నూలు, నంద్యాల, కడప జిల్లాలలో నల్లరేగడి నేలలు చాలా ఉన్నాయి. (నంద్యాల 2022లో కర్నూలునుంచి విడిపోయి వేరే జిల్లా అయింది.) ఈ నేలకు ఒక గొప్ప గుణం ఉన్నది. వానాకాలంలో తాగిన నీటిని అది పొట్టలో దాచుకుంటుంది. వానలు వెనకపట్టిన తరువాత అక్టోబరులో, నవంబరులో రైతులు శనగ విత్తుతారు. అటుపైన వాన కురవకపోయినా, నేలలోని తేమతోనూ, రాత్రి పడే మంచుతోనూ పైరు పెరుగుతుంది. అందుకనే చెరువూ కాలవా లేని ఊళ్ళలో కూడా శనగ పండుతుంది.

కాని ఆ తేమ ఎంతో కాలం ఉండదు. నేల ఎండిపోయి నెర్రెలు విడిచేలోపలే కాయ గట్టిపడాలి. వెనకటి రకాలు ఆలస్యంగా పండేవి. ఎండుతెగులు వచ్చి చేలు నిలువునా వాడిపోవటమూ ఉండేది. 1999లో జె.జి. 11 అనే రకం విడుదలయింది. దీనిని జబల్‌పూరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయమూ, మన పటాన్‌చెరువులో 1972లో వెలసిన ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ సంస్థా కలిసి తయారుచేశాయి. ఇది వంద రోజులలోపలే కోతకు వచ్చేది, ఎండుతెగులుకు తట్టుకునేది. కొద్ది ఏళ్ళలోనే మన నల్లరేగళ్ళనిండా ఇదే అయింది.

ఐతే ఒక కష్టం తీరేసరికి మరొక కష్టం వచ్చి పడింది. పైరంతా ఒక్కసారే పండితే కోసేదెవరు? శనగమొక్క జానెడు, జానెడున్నర ఎత్తు ఉండి, కొమ్మలు పక్కలకు వాలుతుంది. దానిని వంగి కోయాలి, లేదా పెరకాలి. శనగాకు మీద పులుపు ఊరుతుందని మీకు తెలుసు గదా! ఆకు తుంచి నాలుక మీద పెట్టుకోనివాడు పల్లెటూళ్ళో ఉండడు. వెనకటివాళ్ళు రాత్రి చేనుమీద గుడ్డ పరిచి, తెల్లవారి ఆ పులుపుమంచు పిండి మందుకు దాచుకునేవారు. మాలిక్ ఆమ్లం, ఆక్సాలిక్ ఆమ్లం అనేవే ఆ పులుపుకు కారణం. నాలుకకు ఇది సరదాగానే ఉంటుంది గాని, రోజల్లా శనగ కోసేవారి చేతులు మాత్రం మండిపోతాయి.

"వరిని కోసే యంత్రం ఉన్నది గదా, దానితో కోస్తే పోలేదా?" అంటారేమో. చూశారుగా, శనగకాయలు నేలకు దగ్గరగా కాస్తాయి. యంత్రం కత్తిని అంత కిందికి దించితే మట్టీ, రాళ్ళూ లోపలికి పోతాయి. పైకి ఎత్తితే కాయలు చేలోనే మిగులుతాయి. యంత్రాన్ని మార్చటానికి వీలులేకపోతే ఏం చెయ్యాలి? మొక్కనే మార్చాలి! పొడుగ్గా, నిటారుగా పెరిగి, కాయలు నేలకు జానెడు పైన కాసే మొక్క కావాలి.

ఇక్కడ నంద్యాల పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు ఇక్రిశాట్ వారితో కలిసి పనికి పూనుకున్నారు. ఆ పని ఎలాంటిదో వినండి. శనగపువ్వు విచ్చుకునేలోపలే తన పుప్పొడితో తానే ఫలదీకరణం చేసుకుంటుంది. అందుచేత, మొగ్గగా ఉన్నప్పుడే సన్నని పట్టకారుతో దానిని విప్పి, లోపలి కేసరాలను ఏరి పారెయ్యాలి. తరువాత, మనకు నచ్చిన వేరొక మొక్క పుప్పొడిని తెచ్చి కీలాగ్రానికి అంటించాలి. మొగ్గ బియ్యపుగింజకన్న కాస్త పెద్దది, అంతే! చెయ్యి వణికిందా, మొగ్గ రాలిపోతుంది. కష్టపడి సంకరం చేసిన మొగ్గలలో చాలా భాగం కాయ కట్టకుండానే పోతాయి.

నిలిచిన గింజలను విత్తితే వచ్చే మొదటి తరం మొక్కలన్నీ ఒకే మోస్తరుగా ఉంటాయి. రెండో తరంలో అసలు తమాషా! ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి ముందు పండేది, ఒకటి వెనక పండేది. మొదటి తరంలో ఉన్న మిశ్రమ గుణం రెండో తరానికి సగమవుతుంది. మూడో తరానికి నాలుగో వంతు, నాలుగో తరానికి ఎనిమిదో వంతు. ఇలా ఆరో తరానికి ముప్ఫైరెండో వంతుకు దిగుతుంది. అప్పటికి గాని విత్తనం నిలకడ పొందదు. ఏటికి ఒక్క పంట గనక, ఆరు తరాలంటే ఆరేళ్ళు. ఆపైన ఊరూరా, నేలనేలా వేసి చూడాలి. రైతుల పొలాలలో చిరుసంచులు పంచి పరీక్షించాలి. మొత్తం పది పన్నెండేళ్ళ పని. బడిలో చేరిన పిల్లవాడు పెద్ద పరీక్ష ముగించేంత కాలం!

ఇలా తయారయినదే ఎన్.బి.ఇ.జి. 47 అనే రకం. ఇంచుమించు పదేళ్ళ క్రిందట ఇది రైతుల చేతికి వచ్చింది. మొదటి అక్షరం నంద్యాల, తరువాతివి శనగకు ఇంగ్లీషు పేరు. ఈ మొక్క నిటారుగా నిలుస్తుంది గనక యంత్రం ఒక్కమారే కోసి, నూర్చి, గింజను వేరుచేసి ఇస్తుంది. రోజులు పట్టే పని గంటలలో ముగుస్తుంది.

ఇక మన చిరంజీవి ప్రశ్నకు వద్దాం. ఇందుకు డబ్బు ఎవరిచ్చారు?

వ్యాపారి ఎందుకు ఇవ్వడో ముందు చూడండి. సంకర ప్రత్తి విత్తనమైతే రైతు ఏటేటా కొనాలి. దాచిన గింజ విత్తితే తల్లి గుణం రాదు. అందుచేత ప్రత్తి విత్తనానికి కంపెనీలు చాలా వచ్చాయి. శనగ అలా కాదు. దాచిన గింజ కూడా తల్లిలాగే పండుతుంది. ఒకసారి అమ్మినవాడికి మళ్ళీ బేరం ఉండదు. పన్నెండేళ్ళు ఖర్చుపెట్టి ఒక్కసారి అమ్ముకునే సరుకు మీద పెట్టుబడి పెట్టటానికి ఏ వ్యాపారి ముందుకు వస్తాడు? రైతుకు మేలయిన గుణమే వ్యాపారికి నష్టమైంది!

అటువంటి పనికి అందరి డబ్బూ కావాలి. అంటే, ప్రజలు కట్టే పన్నుల నుంచి వచ్చే డబ్బు. నంద్యాల క్షేత్రం 1906లోనే మొదలయింది. అప్పట్లో అక్కడ ప్రత్తి, జొన్న, కొర్ర పరిశోధనలు ముఖ్యం. అమెరికాలో 1862లో ఒక చట్టం చేసి, ప్రభుత్వ భూములిచ్చి, చదువూ పరిశోధనా రైతులకు బోధనా అన్నీ ఒకచోట జరిగే కాలేజీలు పెట్టించారు. ఆ పద్ధతిని చూసి 1964లో మన రాష్ట్రంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం స్థాపించారు. అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం వారు మొదట్లో సాయం చేశారు. 1965లో ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రి దీనిని లాంఛనంగా ప్రారంభించారు. 1996లో రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. నంద్యాల కేంద్రం ఈ విశ్వవిద్యాలయంలోనిదే. కడప దగ్గరి ఊటుకూరులోనూ, ఎమ్మిగనూరు దగ్గరి బనవాసిలోనూ ఉన్న కృషి విజ్ఞాన కేంద్రాలు కూడా దీనివే.

డబ్బు మూడు దారులలో వస్తుంది. జీతాలు, భూములు, భవనాలు రాష్ట్ర ప్రభుత్వానివి. దేశమంతటా ఒకే పంట మీద కలిసి పనిచేసే పథకాలకు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన మండలి ఇస్తుంది. మూడోది, శాస్త్రజ్ఞుడు తన ఆలోచనను కాగితం మీద పెట్టి, "ఇన్నేళ్ళలో ఇంత పని చేస్తాను, ఇంత ఖర్చవుతుంది" అని అడిగి తెచ్చుకునేది. ఆ కాగితాన్ని వేరే శాస్త్రజ్ఞులు చదివి మంచిచెడ్డలు చెపుతారు. ఇచ్చిన డబ్బుకు ఏటా లెక్క చెప్పాలి.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. గ్రాంటు రెండు మూడేళ్ళకు వస్తుంది, విత్తనానికేమో పన్నెండేళ్ళు పడుతుంది. నడుమ ఒక ఏడు డబ్బు ఆగిపోయి, ఎంచిన గింజలు విత్తకపోతే, అప్పటి శ్రమంతా వృథా. అందుకనే పరిశోధనకు ఒకసారి ఎక్కువగా ఇవ్వటంకన్న, ఆగకుండా ఇవ్వటం ముఖ్యమని పెద్దలు అంటారు.

మరొక ప్రశ్న మీకు తట్టే ఉంటుంది. యంత్రం వస్తే, శనగకోతకు పోయి నాలుగు డబ్బులు తెచ్చుకునే అమ్మల సంగతి ఏమిటి? నిజమే. చేతులు మండే పని తప్పింది గాని, ఆ కూలి కూడా తప్పింది. దీనికి పూర్తి జవాబు ఏ విత్తనంలోనూ లేదు. ఊళ్ళోనే వేరే పనులు పుట్టాలి. అందుకు విశ్వవిద్యాలయాలు ఇప్పుడు మరొక పని కూడా నెత్తికెత్తుకున్నాయి.

కోడి లేకుండా గుడ్లు పొదిగే వెచ్చని పెట్టెను ఇంక్యుబేటరు అంటారు గదా. అదే పేరుతో రంగా విశ్వవిద్యాలయంలోనూ, దేశంలోని ఇతర విద్యాలయాలలోనూ కేంద్రాలు వెలిశాయి. అయితే అక్కడ పొదిగేవి ఆలోచనలు! కొర్రల సంగతే తీసుకోండి. నంద్యాలవారు సూర్యనంది అనే మంచి కొర్ర రకం తయారుచేశారు. కాని కొర్రలు పొట్టు తీస్తేనే గదా అన్నానికి పనికివచ్చేది. రోట్లో దంచటం ఎంత కష్టమో మీ అవ్వను అడగండి. ఒక ఊరి అమ్మాయి చదువుకుని, చిన్న పొట్టు యంత్రం పెట్టి, కొర్రబియ్యమూ, బిస్కట్లూ చేసి అమ్మాలనుకున్నదనుకోండి. ఇంక్యుబేటరు ఆమెకు యంత్రాలు వాడుకోనిస్తుంది, లెక్కలు నేర్పుతుంది, పరీక్షలు చేయిస్తుంది. 2018-19లో మొదలయిన కేంద్ర పథకం ఒకటి, ఆలోచన దశలో 5 లక్షల రూపాయల దాకా, సరుకు చేసి చూపిన తరువాత 25 లక్షల దాకా సాయం ఇచ్చే ఏర్పాటు చేసింది. ఆమె కూడా తన వంతు కొంత పెట్టాలి. ఎందుకంటే, తన డబ్బు ఉన్నచోట మనిషి జాగ్రత్తగా ఉంటాడు.

పొదిగిన గుడ్లన్నీ పిల్లలు కావు. ఆలోచనలూ అంతే. కొన్ని మురిగిపోతాయి. పట్టకారుతో విప్పిన మొగ్గలు ఎన్ని రాలిపోయాయో చదివారు గదా! రాలిన వాటిని చూసి పని మానేసి ఉంటే నిటారు శనగ పుట్టేదే కాదు. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లోనూ, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లోనూ వెలిశాయి. మీరు పెద్దవారై అక్కడ చదువుకునేటప్పుడు, మీ ఊరి కష్టం ఒకటి వెంట తీసుకుపోండి.

ఈ నెల మీరు చెయ్యవలసిన ప్రయోగం: ఇంట్లో విత్తనానికి దాచిన శనగలనుంచి, ఎంచకుండా, చేతికి వచ్చినవి వచ్చినట్టు 100 గింజలు లెక్కపెట్టండి. తడిగుడ్డలో వరసగా పేర్చి, చుట్టి, నీడలో పెట్టండి. గుడ్డ ఆరకుండా నీళ్ళు చల్లుతూ, ఎనిమిదో రోజున విప్పి, ఆరోగ్యంగా మొలిచినవి ఎన్నో లెక్కించండి. 85కు తగ్గకుండా మొలిస్తేనే శనగను ధ్రువీకరణ విత్తనంగా ఒప్పుకుంటారు. మీ లెక్క అంతకు తక్కువైతే, విత్తేలోపలే నాన్నగారికి చెప్పండి. చెప్పటం ఒక్కరోజు ఆలస్యమైనా, అక్టోబరు తేమ మీకోసం ఆగదు!