ఆదివారపు అడవి కథ

గడచిన కాలమంతా బంగారమనుకోవడం మానవసహజం. ఏ తరంవారిని కదిపినా, తాము ఆడిన ఆటలు నేటి పిల్లలకు తెలియవనీ, తాము విన్న కథలు ఇప్పుడు చెప్పేవారు లేరనీ వాపోతూనే ఉంటారు. ఇట్టి వాపోత వలన ఎవరికీ ప్రయోజనం లేదు. అయినప్పటికీ మా బాల్యంలో చూచిన ఒక బొమ్మల కథను గురించి ఈ సంచికలో ప్రస్తావించదలచాము. ఇది మా ముచ్చట తీర్చుకొనడానికి మాత్రమే కాదు. ఆ కథతో పాటు మన ఊరి పిల్లల మధ్య నుండి ఒక మంచి అలవాటు జారిపోయింది. దానిని తిరిగి తెచ్చుకొనడం మన కళాశాలకు సాధ్యమని మా విశ్వాసం. మేము అనగా ఆనాడు రాజాంలో ఒకే వీధిలో పెరిగిన కొందరము. మాలో కొందరి ఇండ్లలో ఉర్దూ, కొందరి ఇండ్లలో తెలుగు.

అమెరికా దేశంలో కొన్ని దశాబ్దాలపాటు శనివారం ఉదయమంటే పిల్లల బొమ్మల చిత్రాల వేళ. 1960 దశాబ్దం నుండి అక్కడి పెద్ద టెలివిజన్ సంస్థలు ఆ పూటను పిల్లలకే కేటాయించాయి. మన వైపు శనివారం బడి ఉండేది. కాబట్టి మనకు ఆ భాగ్యం ఆదివారం ఉదయం దక్కింది. ఆ వేళను మనకు అలవాటు చేసినవి పిల్లల చిత్రాలు కావు, ఇతిహాసాలు. 1987 జనవరిలో ప్రారంభమైన రామానంద్ సాగర్ ‘రామాయణ్’, 1988 అక్టోబరులో ప్రారంభమైన బి.ఆర్.చోప్రా ‘మహాభారత్’ ఆదివారం ఉదయాన వీధుల్ని నిర్మానుష్యం చేసి, ఉన్న కొద్ది టెలివిజన్ పెట్టెల ముందు జనాన్ని కూర్చోబెట్టాయి. ‘మహాభారత్’కు సంభాషణలు వ్రాసినవారు ఉర్దూ సాహిత్యంలో పరిశోధన చేసి డాక్టరేటు పొందిన రాహీ మాసూమ్ రజా అనే సంగతి మన కళాశాల విద్యార్థులు జ్ఞాపకముంచుకోదగినది.

ఆ పీట మీదికి 1993లో వచ్చి కూర్చున్నవాడు మోగ్లీ. బొంబాయిలో జన్మించిన ఆంగ్ల రచయిత రడ్యార్డ్ కిప్లింగ్ 1894లో ‘జంగిల్ బుక్’ ప్రకటించాడు. తోడేళ్ల మధ్య పెరిగిన మానవ శిశువు కథ అది. దాని రంగస్థలం మధ్యప్రదేశ్‌లోని సివనీ ప్రాంతపు అడవి. ఆ గ్రంథం ఆధారంగా జపాను దేశపు నిప్పన్ ఏనిమేషన్ సంస్థ 1989లో 52 భాగాల బొమ్మల చిత్రాన్ని నిర్మించింది. దూరదర్శన్ దానిని హిందీలోకి మార్చి ప్రసారం చేసింది. దాని ముఖగీతం వ్రాసినవారు గుల్జార్, బాణీ కట్టినవారు విశాల్ భరద్వాజ్. షేర్ ఖాన్ అనే పులికి గొంతునిచ్చినవారు నానా పాటేకర్. మన దేశపు అడవిని ఆంగ్లంలో వ్రాయగా, జపానువారు బొమ్మలు గీయగా, ఒక ఉర్దూ కవి పాట కట్టగా, అది రాజాం వీధిలోని పిల్లల దగ్గరకు వచ్చి చేరింది. ఇంతమంది చేతులు మారిన కథ మనదే అనిపించడం ఆశ్చర్యమే గదా!

అయితే ఇక్కడొక చిక్కు ఉండేది. చిత్రం హిందీలో నడిచేది. మాలో తెలుగు ఇండ్ల పిల్లలకు ఆ భాష రాదు. బడిలో నేర్పిన హిందీ అక్షరాలు దిద్దడానికి సరిపోయేది కాని, ఎలుగుబంటి వేగంగా చెప్పే మాటలను పట్టుకొనడానికి సరిపోయేది కాదు. ఉర్దూ ఇండ్ల పిల్లలకు ఆ మాటలు ఇంట్లో అమ్మీ మాటలకు దగ్గరగా ఉండేవి. అందువలన ఏ ఇంట్లో టెలివిజన్ ఉన్నా, దాని ముందు నడుమ స్థానం ఒక ఉర్దూ ఇంటి పిల్లవానికో పిల్లకో దక్కేది. వెనుక వరుసలో కూర్చున్న మామ్మ, “ఏటంటున్నాదిరా బావూ ఆ ఎలుగు?” అని అడిగేది. వాడు తెలుగులో చెప్పేవాడు. వాడు చెప్పినంతవరకు ఎవరూ కదిలేవారు కారు.

ఇందులో ఉన్న గౌరవం ఎంతటిదో ఆనాడు మాకు తెలియదు. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తున్నది. వారంలో ఆరు రోజులు అదే పిల్లవాడు బడిలో తెలుగు పద్యం అప్పగించేటప్పుడు తడబడేవాడు. వాని ఉచ్చారణ విని తోటివారు నవ్వేవారు. ఆ నవ్వినవారిలో మేమూ ఉన్నాము. ఇంటి భాష బడిలో అక్కరకు రాదనీ, దానిని గడప దగ్గర విడిచి రావాలనీ వాడు ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాడు. ఆదివారం నాటి అరగంట మాత్రం ఆ భాషే వానికి పీట వేసింది. నవ్విన పిల్లలే వాని నోటి వంక చూస్తూ కూర్చున్నారు.

ఇచ్చిపుచ్చుకొనడం ఒకవైపే జరిగిందని భావించరాదు. చిత్రంలో ‘భేడియా’ అనే మాట తరచు వినబడేది. దానికి తెలుగేమిటో మా చిన్ని దుబాసీకి తెలియదు. మొదటి వారం ‘అడవి కుక్క’ అని గడిపివేశాడు. “కుక్క కాదురా బావూ, తోడేలు” అని మామ్మ సరిదిద్దింది. వాడు ఆ మాటను నాలుగైదు మార్లు లోలోపల అనుకొని నేర్చుకున్నాడు. తెలుగు పిల్లలకు అకేలా అంటే ఒంటరి అనీ, భాలూ అంటే ఎలుగుబంటి అనీ, హాథీ అంటే ఏనుగనీ తెలిసింది. కిప్లింగ్ తన పాత్రలకు పెట్టిన పేర్లలో అనేకం హిందూస్థానీ మాటలే. తెలుగు పిల్లలకు అవి వట్టి పేర్లు. ఉర్దూ ఇండ్ల పిల్లలకు మాత్రం అర్థంతో సహా వినిపించేవి.

ఒకనాడు ‘షేర్’ అంటే సింహమా, పులా అని తగవు వచ్చింది. బొమ్మలో చారలు కనబడుతున్నవి. ఉర్దూ ఇంటి పిల్లవాడు షేర్ అంటే సింహమన్నాడు. తెలుగు పిల్లలు వానిని అబద్ధాలకోరుగా నిర్ధారించారు. తీర్పు కోసం వీధి చివర కుట్టుపని చేసుకొనే ఒక పెద్దాయన దగ్గరకు పోయాము. ఫారసీలో ఆ మాటకు సింహమని అర్థమనీ, మన దేశపు వాడుకలో రెండింటికీ చెల్లుతుందనీ, చారల పులిని ‘బాఘ్’ అని కూడ అంటారనీ ఆయన చెప్పారు. ఇరుపక్షాలూ గెలిచిన తగవు అదొక్కటే మాకు జ్ఞాపకం. ఒక మాటకు రెండు భాషలలో రెండు సరిహద్దులుండవచ్చునని మేము ఏ వ్యాకరణ గ్రంథంలోనూ నేర్వలేదు.

ఇంతవరకు చెప్పినది ఒక పార్శ్వం. సత్యం చెప్పవలెనంటే రెండవ పార్శ్వమూ చెప్పాలి. ఆ టెలివిజన్ ముందు అందరికీ చోటు లేదు. కిటికీ చువ్వలు పట్టుకొని బయట నిలబడి చూచినవారున్నారు. కథ మంచి పట్టులో ఉండగా నీళ్లకు పొమ్మని పిలుపు వచ్చేది సాధారణంగా ఆడపిల్లలకే. కరెంటు పోతే ఆ వారం కథ పోయినట్లే. తెలుగు పిల్లలకు తమ సొంత భాషలో అటువంటి చిత్రం లేకపోవడం నిజానికి ఒక లోటు. ఆ లోటును మేము సౌభాగ్యంగా వర్ణిస్తే అది ఆత్మవంచన అవుతుంది.

నేడు ఆ లోటు చాలవరకు తీరింది. హైదరాబాదులో స్థాపితమైన గ్రీన్ గోల్డ్ సంస్థ సృష్టించిన ‘ఛోటా భీమ్’ 2008 నుండి దేశమంతటా పిల్లలకు చేరువైనాడు. ఏ చిత్రమైనా తెలుగు మాటలతో దొరుకుతున్నది. ఆదివారం వరకు వేచియుండనక్కరలేదు, కరెంటు పోతుందన్న బెంగ లేదు, ఒకరింటి కిటికీ పట్టుకొని వేలాడే అవమానం లేదు. ఇది నిస్సందేహంగా అభివృద్ధి. దీనిని కాదనేవారితో మేము ఏకీభవించము. అమెరికాలో సైతం 2014 నాటికి శనివారపు బొమ్మల వేళ ముగిసింది. అడిగిన క్షణంలో దొరికే వస్తువు కోసం ఎవరూ వారమంతా ఎదురుచూడరు.

అయితే పోయినదేమిటి? పోయినది బొమ్మ కాదు, దుబాసీ. నేటి పిల్లవాడు ఫోను పట్టుకొని ఒంటరిగా చూస్తాడు. తెలుగు పిల్లవాడు తెలుగులో చూస్తాడు, ఉర్దూ ఇంటి పిల్లవాడు హిందీలో చూస్తాడు. ఇద్దరూ ఒకే గోడకు చెరొకవైపు కూర్చుని ఒకే కథ చూస్తున్నా, ఒకరినొకరు అడగవలసిన పని లేదు. అడగవలసిన పని లేనిచోట చెప్పే గౌరవమూ లేదు. ఉత్తరాంధ్రలో ఉర్దూ మాట్లాడేవారు సంఖ్యలో కొద్దిమంది. 2022లో మన శాసనసభ చట్టసవరణ ద్వారా ఉర్దూకు రెండవ అధికార భాష ప్రతిపత్తి కల్పించింది. అది హర్షణీయం. కాని చట్టం కార్యాలయపు బల్లమీద చోటు ఇవ్వగలదే గాని, పక్కింటి పిల్లవాని చెవిలో చోటు ఇవ్వలేదు. ఒక భాష తన ఇంటివారికి మాత్రమే పనికివచ్చినంతకాలం అది క్రమంగా ఆ ఇంటి లోపలి గదికి పరిమితమవుతుంది. పొరుగువానికి అది అవసరమైననాడు మాత్రమే దానిని మాట్లాడే పిల్లవాడు తలెత్తుకొని మాట్లాడతాడు. ఈ మాట తెలుగుకూ వర్తిస్తుంది. మామ్మ ‘తోడేలు’ అని సరిదిద్దకపోతే ఆ పిల్లవానికి ఆ మాట ఏనాటికి అబ్బేది?

అందువలన కళాశాల కమిటీవారికి మా విన్నపమొకటి. మన పఠనమందిరంలో వారానికొక పూట, శనివారమో ఆదివారమో, చుట్టుపక్కల వీధుల పిల్లలను పిలిచి ఒక బొమ్మల కథ చూపించవలెను. ఒక వారం ఉర్దూలోనో హిందుస్థానీలోనో నడిచే కథ, మరొక వారం తెలుగు కథ. నడుమ నడుమ చిత్రాన్ని ఆపి, మొదటిదానిని తెలుగులోనూ, రెండవదానిని ఉర్దూలోనూ మన విద్యార్థులే చెప్పవలెను. ఆడపిల్లలకు ముందు వరుస కేటాయించవలెను. కిటికీ దగ్గర ఎవరూ నిలబడనక్కరలేనంత చోటు మన మందిరంలో ఉన్నది. ఇందుకు కావలసినది ఒక తెర, ఒక గంట కాలం, ఇద్దరు విద్యార్థులు. ఖర్చు స్వల్పం.

కళాశాల ధ్యేయం పరీక్షలు గాని, బొమ్మల కథలు కావని కొందరు పెద్దలు ఆక్షేపించవచ్చు. వారికి మా సమాధానం ఇది: సభలో నిలబడి ఒక భాషలో విన్నదానిని మరొక భాషలో తడబడకుండా చెప్పగలిగిన విద్యార్థికి ఏ పరీక్ష అయినా భయంకరం కాదు. పిల్లలు వస్తారా అని మరికొందరు సందేహించవచ్చు. చేతిలో ఫోను ఉన్న పిల్లవాడు ఎందుకు వస్తాడు? బొమ్మ కోసం రాకపోవచ్చు. చెప్పే అవకాశం కోసం తప్పక వస్తాడు. తనకు తెలిసినదానిని పదిమందికి చెప్పి మెప్పు పొందాలన్న కోరిక ఏ కాలపు పిల్లలకైనా ఒకటే.

విద్యార్థి సోదర సోదరీమణులారా! ఆనాడు నడుమ కూర్చున్న పిల్లవాడు ఇప్పుడు మాతోనే ఉన్నాడు. ఈ వ్యాసాన్ని మాతో కలిసి వ్రాసినవారిలో ఒకడు. ఇందులో తెలుగు తప్పులను దిద్దినది అతడే. చిన్ననాడు బడిలో నవ్వినందుకు మేము అతనిని ఎన్నడూ క్షమాపణ అడగలేదు. ఈ సంచిక ద్వారా అడుగుతున్నాము. మీలో ఎవరైనా నేడు ఒకరి ఉచ్చారణ విని నవ్వుతున్నట్లయితే, ఇన్ని సంవత్సరాలు ఆగవలదని మా మనవి.