సంత లేని వారములు

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ విధింపబడినపుడు విశాఖ మన్యమందలి డుంబ్రిగుడ మండలపు పల్లెలకు మొదట దూరమైనది వారపు సంత. దారులకు కర్రలు అడ్డుగట్టి, పొరుగువారిని రానీయక, తమ్ము తాము కాచుకొనిన గ్రామములు మన్యమున ననేకములు. ఆ జాగ్రత్త వివేకమైనదే. కాని పసుపో అల్లమో తలకెత్తుకొని కాలినడకను పోయి, అమ్మగా వచ్చిన నాలుగు డబ్బులు కొంగున ముడివైచికొని, అచ్చట పుట్టినింటివారిని కలిసికొని, తల్లితోనో తోబుట్టువుతోనో కడుపులోని మాట చెప్పుకొని, అవసరమైనచో వారి వెంటనే వెడలిపోగల స్త్రీకి సంతయే ధనాగారమును, న్యాయస్థానమును, ఊరటయునై యుండెను.

మన్యపు తెగలలో కొట్టు మగని విడిచి వచ్చుట దుస్సాధ్యము కాదు. పెద్దలు కూర్చుండి తప్పు నిర్ణయింతురు. ఆమె మరల మనువాడవచ్చును. మైదానపు కుటుంబములలో పరువు పేరిట మూసివేయబడిన ఆ ద్వారము కొండలలో తరతరములుగా తెరచియే యున్నది. అయినను పెద్దలు కూడుటకును, అన్నదమ్ములు వచ్చుటకును దారి సాగవలెను గదా! ఆ నెలలలో దారియే లేదు.

జాతీయ మహిళా కమిషన్‌కు గృహహింసను గూర్చి 2019లో 2,960 ఫిర్యాదులు రాగా, 2020లో 5,297 వచ్చెను. చేతిలో ఫోను, ఫోనులో సిగ్నలు, మాటాడుటకు చాటు గలవారి మొరయే ఆ లెక్కకెక్కినది. ఫోను మగని జేబులో నుండగా, సిగ్నలు మెట్టయెక్కినగాని దొరకనపుడు, ఇంట ఒడియా కలిసిన పలుకులాడు ఇల్లాలు ఎవరికి మొరపెట్టుకొనును?

ఈ హింసనంతయు జీలుగుకల్లు మీదికి నెట్టువారు గలరు. నేనంగీకరింపను. త్రాగుడు చేయి నెత్తించునేమో కాని, ఎత్తవచ్చునన్న భావమునకు జన్మస్థానము వేఱు. ఏదో యొక కారణమున భర్త భార్యను కొట్టుట న్యాయమేయని ఐదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఒప్పుకొనిన స్త్రీలు మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 84 మంది! కొండవారిని వేలెత్తి చూపుటకు మనకేమి యర్హత యున్నది?

2005 నాటి గృహహింస చట్టము జిల్లాలలో రక్షణాధికారు లుండవలెననెను. లాక్‌డౌన్ నాటికి డుంబ్రిగుడకు జిల్లా కేంద్రము విశాఖపట్నము. ఘాట్ రోడ్డు దిగి నూఱు కిలోమీటర్లకు పైగా పోవలెను, బస్సు లేదు. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లా యేర్పడి ఆ దూరము తగ్గినది.

తగ్గనిది మఱియొకటి గలదు. ఇట్టి యిల్లాలు దిగులని చెప్పదు; తలనొప్పి యనును, నిద్రపట్టదనును, ఒళ్లంతయు నొప్పులనును. ఆసుపత్రిలో మాత్రలు చేతబెట్టి పంపుదురు, ఇంటిలో నేమి జరుగుచున్నదని యడుగరు. కోవిడ్ నాళ్లలో ఇంటింటికి తిరిగి జ్వరము విచారించిన ఆశా కార్యకర్తలు ఆ పల్లెల ఆడబిడ్డలే. వారికా భాష తెలియును, ఆ గడప తెలియును. రాత్రులు నిద్రపట్టుచున్నదా, ఇంట భయమున్నదా యని మగవారి చాటున నడుగుటకు వారికి శిక్షణయు, అడిగినందుకు వారిమీదికి వచ్చు మగవారినుండి రక్షణయు, బాధితురాలిని పాడేరు చేర్చుటకు వాహనమును, ఆమెతో పోయిన నాటి కూలియు, మఱియొక మహమ్మారి రాకమునుపే ప్రభుత్వము ఏర్పఱుపవలెను.