పలక, సుద్దముక్క

మా దివిసీమలో కొండలు లేవు. నడక మాత్రం ఉంది. పాలకాయతిప్ప దగ్గర రోడ్డు ఆగిపోతుంది. అక్కణ్ణుంచి కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు దాకా ఇసుకే. మే నెలలో, నీడ లేకుండా, కొండెక్కడం దీనికంటే నయం.

సెలవులకు గుడివాడ నుంచి వచ్చిన మా పెద్దమ్మ "సంగమంలో ఒక్క మునక వెయ్యాలిరా" అంది. కోడూరు దాకా బస్సు, ఆపైన ఆటో. చేరేసరికి పదైంది. గేటు మూసి ఉంది.

"బళ్లు పోవు. నడిచి పోండి."

"పోయిన వారం వదిలారు కదయ్యా?"

"పోయిన వారం సంగతి వేరు."

ఎంత దూరమంటే గేటు దగ్గర కాపలా ఉన్నతను అటు చెయ్యి ఊపాడు. పక్కనే ఓ రేకు బోర్డు. ఉప్పుగాలికి తుప్పుపట్టి 'హెచ్చరిక' అన్న మాటొక్కటే మిగిలింది. దేని గురించో రాలిపోయింది.

బళ్లు ఆపడం తప్పనను. సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం, దగ్గర్లోనే మడ అడవి. ఆపండి, ఇంకా గట్టిగా ఆపండి. కానీ ఆపిన చోట ఓ కుండెడు నీళ్లు, ఇంత తాటాకు పందిరి, ఆడవాళ్లు తడిబట్టలు మార్చుకోడానికి నాలుగు తడికలు పెట్టాలంటే ఎన్ని ఫైళ్లు కదలాలి? పెద్దమ్మ సీసా సగం దారిలోనే ఖాళీ. వలలు సర్దుకుంటున్న ఓ తల్లి తన క్యానులోంచి పోసింది.

ఒళ్లు మండేది ఇంకొకందుకు. అమావాస్యకీ పున్నమికీ పోటు ఎక్కువ. మనవాళ్లు స్నానాలకొచ్చేదీ ఆ రోజుల్లోనే. మాఘ పున్నమికి ఇక్కడే, హంసలదీవిలో, ఇసకేస్తే రాలదు. పోటు వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. వలేసేవాడికి తెలుసు. గుడివాడ నుంచి వచ్చినవాడికెలా తెలుస్తుంది? గేటు దగ్గర ఓ పలక, ఓ సుద్దముక్క. పొద్దున్నే ఆ రోజు పోటు వేళ రాసిపెడితే చాలు.

బందరు వెళ్లి ఓ ఆఫీసులో అడిగాను. "అది మాది కాదండీ." పక్క ఆఫీసులోనూ అదే మాట. మనిషి కొట్టుకుపోయిననాడు మాత్రం అందరి జీపులూ వస్తాయి.

1977 నవంబరు 19న ఉప్పెన వేలమందిని మింగిన నేల ఇది. సముద్రం ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేకపోతే ఏమవుతుందో మాకు ఒకరు చెప్పక్కర్లేదు.

వచ్చే పున్నమికి పలక నేనే పట్టుకెళ్తున్నాను. పీకెయ్యడానికైనా ఏదో ఒక శాఖ వాళ్లు వస్తారేమో చూద్దాం.