హాసము - ఉపహాసము

2020లో పాఠశాలలు మూతపడిన వేళ తెలంగాణలో ఎందరో ప్రైవేటు ఉపాధ్యాయులు జీవికను కోల్పోయారు. 2021లో ప్రభుత్వం వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం సాయంగా ప్రకటించింది. అట్టి గృహస్థుడొకడు బియ్యపు మూట దింపుతూ, "ఇకపై నా జీతం కాటాపై తూచి ఇస్తారు" అని ఇల్లాలిని నవ్వించాడనుకుందాం. అది ధైర్యలక్షణం. అదే మాట బంధువు పలికితే హృదయశల్యం. పదాలొక్కటే, పలికే అధికారం వేరు.

భరతముని నాట్యశాస్త్రంలో హాస్యాన్ని స్మితం మొదలు అతిహసితం వరకు ఆరు విధాలుగా విభజించి, స్మిత హసితాలనే ఉత్తమ ప్రకృతులకు విధించాడు. భగవద్గీత ద్వితీయాధ్యాయంలో విషాదమగ్నుడైన అర్జునునితో శ్రీకృష్ణ పరమాత్మ పలుకనారంభించినది మందహాసంతోనే. అయితే ఆ మందహాసం అక్కడితో ఆగలేదు. పార్థుని కర్తవ్యోన్ముఖుని చేసింది.

కనుక ఉద్యోగం పోయిన ఇంట మొదట నవ్వే అధికారం నష్టపోయినవానిదే. తక్కినవారి ధర్మం ఆ నవ్వుతో శ్రుతి కలపడం. నవ్విన పిదప అందరూ కూర్చుని అప్పుల పద్దు చూడాలి, కొత్త జీవికను అన్వేషించాలి. ఆ ప్రయత్నం లేని నవ్వు పలాయనం. ఆ ప్రయత్నానికి బలమిచ్చే నవ్వు భగవత్ప్రసాదం.